కాలువ గట్టు మీద రాసిన పంచనామా

"తేలని పాత హత్య కేసులంటే క్రైమ్ రచయితలకు ఎందుకంత మోజు? చనిపోయినవాళ్ల కుటుంబాలను మళ్లీ బాధపెట్టడం కాదా?" అని అడిగారు. ఇరవై ఏళ్లుగా వారపత్రికలకు క్రైమ్ కథలు రాస్తున్నాను. మాది నల్లగొండ జిల్లా, హాలియా దగ్గర పల్లె. నా సంగతి చెప్తాను.

సాగర్ ఎడమ కాలువ మా ఊరి పక్కనుంచే పోతుంది. 1967లో నీళ్లు వదిలాక పొలాలు పచ్చబడ్డాయి. అప్పుడప్పుడు ఎక్కడివో శవాలూ ఆ నీళ్లలో కొట్టుకొచ్చేవి. 1980ల చివర్లో ఒక ఆడమనిషి శవం తూము దగ్గర తట్టుకుంది. మెడ మీద కమిలిన గుర్తులున్నాయి. పోలీసులు గట్టు మీద తుమ్మచెట్టు కింద కూర్చొని పంచనామా రాశారు. చదువొచ్చిన పెద్దమనిషని మా తాతను పిలిచి సాక్షి సంతకం పెట్టించుకున్నారు. కుడిచేతికి నాలుగు ఆకుపచ్చ గాజులు, ఎడమచేతికి మూడు. కొంగు ముడిలో తడిసిన బస్సు టికెట్టు. వెతుక్కుంటూ ఎవరూ రాలేదు. తాత చనిపోయేదాకా ఆ గాజుల లెక్క చెప్తూనే ఉన్నాడు. "ఎనిమిదో గాజు యాడ పగిలిందో తెలిస్తే చంపినోడు దొరుకుతడు" అనేవాడు.

నా మోజు అక్కడ మొదలైంది. 1888లో లండన్‌లో ఆడవాళ్లను వరుసగా చంపి దొరక్కుండా పోయిన జాక్ ద రిప్పర్ ఎవరన్న చర్చలు నన్ను అంతగా పట్టుకోలేదు. ఆస్ట్రేలియాలో 1948 డిసెంబర్ 1న సోమర్టన్ బీచ్‌లో దొరికిన మనిషి కేసు మాత్రం నిద్రపోనివ్వలేదు. అతని బట్టలకు లేబుళ్లు లేవు. ప్యాంటులో చుట్టిపెట్టిన కాగితం ముక్క మీద 'తమామ్ షుద్' అనే పర్షియన్ మాట, అంటే 'అయిపోయింది' అని. పోలీసులు తీయించిన అతని తల, భుజాల ప్లాస్టర్ అచ్చులో ఇరుక్కున్న వెంట్రుకలకు డీఎన్ఏ పరీక్ష చేసి, అతను కార్ల్ వెబ్ అని 2022లో డెరెక్ అబాట్ అనే ప్రొఫెసర్ ప్రకటించారు. ఎలా చనిపోయాడో ఇప్పటికీ తేలలేదు, పేరైతే దొరికింది. ఆ వార్త చదివిన రోజు నాకు మా కాలువ గట్టే గుర్తొచ్చింది. ఆమెవి కూడా నాలుగు వెంట్రుకలు ఎవరైనా దాచి ఉంటే?

ఇక మీ రెండో ప్రశ్న. దానికి నా దగ్గర ఉన్నది నా తప్పే.

పన్నెండేళ్ల కింద ఆ సంఘటన మీద కథ రాశాను. గాజులు, టికెట్టు ఉన్నవి ఉన్నట్టే పెట్టాను. కథకు పట్టు రావాలని ఎడమచేతి మీద తేలు పచ్చబొట్టు కల్పించాను. నెల తర్వాత దేవరకొండ వైపు నుంచి ఒకాయన ఫోన్ చేసి నల్లగొండ వచ్చాడు. క్లాక్ టవర్ దగ్గర హోటల్లో కూర్చున్నాం. టీ చల్లారిపోయింది, ముట్టుకోలేదు. "మా అక్కకు గా చెయ్యికే తేలు ఉండె సార్. మీకెట్ల తెల్సింది?" అన్నాడు. అత్తగారింటివాళ్లు బొంబాయికి వలసపోతూ, ఆమె ఎవరితోనో వెళ్లిపోయిందని చెప్పారట. పరువు పోతుందని ఇంట్లోవాళ్లు పోలీస్ స్టేషన్‌కు పోలేదు. మూడు కిలోమీటర్లు పోతే ఆమెకు పేరు దొరికేదేమో అని నాకు అప్పటినుంచీ అనిపిస్తూనే ఉంది.

పచ్చబొట్టు నేను కల్పించిందని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆయన కోప్పడలేదు. "గాజులన్న నిజమేనా?" అని అడిగాడు. నిజమేనని, ఏడేనని చెప్పాను.

అందుకే నిజంగా జరిగిన కేసులో ఒక్క గుర్తు కూడా ఇప్పుడు కల్పించను. రాయాలనుకుంటే మొత్తం కల్పించి రాయండి, లేదా ఉన్నది ఉన్నట్టు రాయండి. రెండూ కలిపితే, ఏళ్లుగా ఎదురుచూసేవాళ్లు దాన్నే ఆధారం అనుకుంటారు. మోజు తప్పని నేను అనుకోను. ఆ కథ రాయకపోతే ఆయన ఫిర్యాదు కూడా చేసేవాడు కాదు.

తర్వాత ఇద్దరం పోలీస్ స్టేషన్‌కు పోయాం. పాత ఫైలు లేదన్నారు. హత్య కేసుకు కాలపరిమితి లేదు కాబట్టి, అక్క కనిపించడం లేదని, శవం దొరికిన చోటు, గాజుల లెక్క అన్నీ కాగితం మీద రాసి ఇచ్చి రసీదు తీసుకున్నాం. కొత్త ఎస్సై వచ్చిన ప్రతిసారీ ఆయన ఆ రసీదు పట్టుకొని వెళ్తాడు. వీలైనప్పుడు నేనూ వెంట వెళ్తాను.