మోటారు కాదు, పినియన్ మార్చు బాబూ

ప్రశ్న: నాది పదో వంతు సైజు బ్రష్‌లెస్ రిమోట్ కంట్రోల్ బొమ్మ ట్రక్కు. 3300 కేవీ మోటారు, సెన్సార్ లేని రకం. టూ ఎస్ (రెండు సెల్స్) లైపో బ్యాటరీతో హాయిగా నడిచేది. పోయిన నెల త్రీ ఎస్ (మూడు సెల్స్) బ్యాటరీ వేశాను. కాలేజీ గ్రౌండులో ఐదారు నిమిషాలకే ఆగిపోతోంది, కాసేపు వదిలేస్తే మళ్లీ కదులుతోంది. మోటారు మీద చెయ్యి పెట్టలేకపోతున్నాను. పెద్ద మోటారు కొనమంటున్నారు. కొనాలా?
– ఒక డిగ్రీ విద్యార్థి, తెనాలి

జవాబు: వద్దు బాబూ, డబ్బులు దాచుకో. బ్యాటరీ మార్చినప్పుడు పినియన్, అదే మోటారు ఇరుసు మీది చిన్న పళ్లచక్రం, మార్చావా? నీ ఉత్తరంలో ఆ ఊసే లేదు కాబట్టి మార్చలేదనే అనుకుంటున్నాను.

కేవీ అంటే లోడు లేనప్పుడు ఒక్కో వోల్టుకి మోటారు నిమిషానికి తిరిగే చుట్లు. నిండా ఛార్జయిన టూ ఎస్ 8.4 వోల్టులు, అంటే దాదాపు 27,700 చుట్లు. త్రీ ఎస్ 12.6, అంటే 41,500 పైనే. పళ్లచక్రాలు అవే ఉంచి బండిని ఒకటిన్నర రెట్ల వేగంతో లాగమంటున్నావు. కరెంటు ఒకటిన్నర రెట్లయితే తీగలో పుట్టే వేడి రెండుంపావు రెట్లవుతుంది.

ముప్పై ఏళ్లు పొలం మోటార్లకు వైండింగ్ చేసినవాణ్ని. అక్కడ కాయిల్ కాలితే కొత్త తీగ చుట్టి ఇచ్చేసేవాళ్లం. నీ మోటారులో అయస్కాంతాలే ప్రాణం. నియోడైమియంలో మామూలు రకం 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోవడం మొదలవుతుంది. బాగా వేడెక్కి పోయిన బలం చల్లారినా తిరిగి రాదు. బలం తగ్గిన మోటారు కేవీ పెరిగి, అదే పనికి ఇంకా ఎక్కువ కరెంటు తాగుతుంది, ఇంకా కాలుతుంది. పైగా సెన్సార్ లేని మోటారు వేడి ఈఎస్‌సీకి, అంటే మోటారు వేగాన్ని అదుపు చేసే సర్క్యూటుకి, తెలియదు. ఈఎస్‌సీ తన వేడి చూసుకుని ఆగిందే తప్ప నీ మోటారును కాపాడటానికి కాదు. అందుకే తొందరపడమంటున్నాను.

నీ స్పర్ (పినియన్ తిప్పే పెద్ద చక్రం) 54 పళ్లు, పినియన్ 15 అనుకుందాం. 10 పళ్లది వేస్తే పాత వేగమే వస్తుంది. 12 వేస్తే పాతదానికన్నా ఐదో వంతు ఎక్కువ, అక్కడ మొదలుపెట్టు. బిగించేటప్పుడు రెండు చక్రాల మధ్య నోటుబుక్కు కాగితం ముక్క పెట్టి నొక్కి, స్క్రూలు బిగించి, కాగితం లాగెయ్. ఆ సందు లేకపోతే పళ్ల రాపిడే మోటారును కాలుస్తుంది.

ఆగిన వెంటనే బ్యాటరీ కూడా చూడు. ఒక్కో సెల్ 3.3 వోల్టుల దగ్గరికి దిగి ఉంటే అది లో వోల్టేజ్ కటాఫ్ (బ్యాటరీ మరీ దిగిపోకుండా ఈఎస్‌సీ ఆపెయ్యడం), వేడి సంగతి వేరుగా తేల్చాలి. 3.7 పైన ఉంటే వేడే కారణమని నా అనుమానం.

గ్రౌండులో గడ్డి మోకాలెత్తుంటే అందులో తిప్పకు. బ్యాటరీకీ ఈఎస్‌సీకీ మధ్య తీగ పొడిగించకు. నేను ఒకసారి అడుగు తీగ అతికాను, నాలుగో రోజుకి కెపాసిటర్లు ఉబ్బిపోయాయి. ఆ బాధ ఇప్పటికీ ఉంది. వేడిగా ఉన్న లైపోని ఛార్జింగుకి పెట్టడం మాత్రం ఎప్పటికీ వద్దు.

కరోనాలో కొన్న నుదుటి థర్మామీటరు దీనికి పనికిరాదు, జ్వరం వరకే చూపిస్తుంది. వర్క్‌షాపులో వాడే ఇన్‌ఫ్రారెడ్ గన్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకో. 12 పళ్లతో మూడు నిమిషాలు నడిపి ఆపి, మోటారు డబ్బా మీద చూడు. 70 లోపుంటే ఇంకో రెండు నిమిషాలు నడుపు. 80 చేరితే ఆపేసి 11కి దిగు. ఆ రీడింగులూ, నీ అసలు పళ్ల లెక్కా రాసి పంపు.