పిల్లలు తిరిగే చోట విషసర్పాన్ని ఎందుకు కాపాడుతున్నారు?

ప్రశ్న: మేము అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, నోవై సమీపంలో ఉంటున్నాం. పిల్లలను తీసుకుని నడకకు వెళ్ళే పార్కులో ర్యాటిల్‌స్నేక్‌లు ఉన్నాయనీ, వాటికి హాని చేయరాదనీ బోర్డు పెట్టారు. విషసర్పాన్ని ఇలా కాపాడటం ఎంతవరకు సబబు? – ఒక పాఠకురాలు

జవాబు: ఆ బోర్డులోని పాము పేరు ఈస్టర్న్ మసాసాగా. తోక చివరి గిలకను ఆడించి చప్పుడు చేసే ర్యాటిల్‌స్నేక్‌లలో ఇదొకటి. మిషిగన్‌లో ఉన్న విషసర్పం ఇదొక్కటే. మన రక్తపింజరి కుటుంబానికే చెందిన ఈ పాము కూడా గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది. అయితే రెండు, రెండున్నర అడుగులకు మించి పెరగడం అరుదు. విషం తీవ్రమైనదే కాబట్టి మీ భయాన్ని కొట్టిపారేయను. కానీ ఈ పాము మనిషిని వెంటాడదు. అడుగుల అదురు తెలియగానే గడ్డిలో కదలకుండా పడి ఉంటుంది, లేదా పక్కకు తప్పుకుంటుంది. కాట్లు చాలా అరుదు. వెంటనే ఆసుపత్రికి చేరితే విరుగుడు మందు ఉంది.

ఒకప్పుడు అమెరికా, కెనడాల సరిహద్దులోని గ్రేట్ లేక్స్ అనే పెద్ద సరస్సుల చుట్టుపక్కల రాష్ట్రాల్లోనూ కెనడాలోని ఒంటారియోలోనూ విస్తరించి ఉన్న ఈ జాతి, పొలాల కోసం, ఇళ్ళ కోసం చిత్తడి నేలలను ఎండగట్టడంతోనూ, కనిపించిన చోటల్లా చంపడంతోనూ తగ్గిపోయి, ఇప్పుడు ఒకదానితో ఒకటి సంబంధం లేని చిన్న చిన్న గుంపులుగా మిగిలింది. అందుకే 2016లో అమెరికా ప్రభుత్వం దీనిని ముప్పులో ఉన్న జాతిగా ప్రకటించి చట్టరక్షణ కల్పించింది.

చట్టం ఒక్కటే చాలదని నా అభిప్రాయం. పాము బతుకు తెలియకుండా దానిని కాపాడలేం, ఆ తెలివిడి పరిశోధన వల్లే వచ్చింది. పట్టుకున్న పామును పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టంలోకి తల, సగం ఒళ్ళు దూరేలా పంపుతారు; దానితో పరిశోధకుడికి కాటు భయం ఉండదు, పాముకు గాయం కాదు. అలా పట్టి ఉంచి పొడవు, బరువు చూసి, చర్మం కింద బియ్యపు గింజంత గుర్తింపు చిప్ అమర్చి, పట్టిన చోటనే వదిలేస్తారు. మళ్ళీ ఎప్పుడు దొరికినా అది ఏ పామో, ఎంత పెరిగిందో తెలుస్తుంది. కొన్నింటికి రేడియో ట్రాన్స్‌మిటర్లు అమర్చి, చలికాలం ఎక్కడ గడుపుతున్నాయో కనుగొన్నారు. మంచినీటి రొయ్యను పోలిన క్రేఫిష్ తవ్వుకున్న బొరియలోకి దిగి, మంచు గడ్డకట్టని లోతులో, భూగర్భజలాన్ని ఆనుకుని వసంతం వరకు ఉంటుంది ఈ పాము. కాబట్టి అది లోపలికి చేరాక చెరువు నీటిమట్టాన్ని తగ్గిస్తే, తడి ఆరిపోయో చలికి గడ్డకట్టో అక్కడే చనిపోతుంది. పొదలు పెరగకుండా గడ్డిమైదానాలను తగలబెట్టడం అక్కడి సంరక్షణలో భాగమే అయినా, పాములు బొరియలు విడిచి ఎండ కాగడానికి వచ్చాక ఆ పని చేస్తే అవే కాలిపోతాయి. నీరు ఎప్పుడు వదలాలి, నిప్పు ఎప్పుడు పెట్టాలి అన్నవి ఇలా పాము దినచర్యను చూసి నిర్ణయించవలసినవి. దీనికి తోడు చర్మాన్ని తినివేసే ఒక శిలీంధ్ర వ్యాధి కూడా ఈ పాములకు సోకుతోంది. దానిపైనా అధ్యయనం సాగుతోంది.

ఇక మీరు చూసిన బోర్డు సంగతి. అలాంటి బోర్డులు, జంతుప్రదర్శనశాలల్లో పిల్లలకు చెప్పే పాఠాలు పాముతో పాటు మనుషులనూ కాపాడతాయి. విషం లేని మిల్క్‌స్నేక్, ఫాక్స్‌స్నేక్ కూడా ఎండుటాకుల్లో తోక ఆడించి మసాసాగా గిలక లాంటి చప్పుడే చేస్తాయి. తేడా తెలియక జనం వాటినీ చంపేస్తున్నారు. పిల్లలను కాలిబాట దాటి గడ్డిలోకి వెళ్ళనివ్వకండి, చీలమండలు కప్పే బూట్లు వేయండి, చూడకుండా దుంగల కింద చేయి పెట్టవద్దని చెప్పండి. పాము కనిపిస్తే కొన్ని అడుగులు వెనక్కి వచ్చి దానికి దారి వదలండి. వీలైతే దూరం నుంచే ఫోటో తీసి రాష్ట్ర సహజవనరుల శాఖకు పంపండి, పరిశోధకులకు అది పనికొస్తుంది. దానిని పట్టి దూరంగా వదలాలని మాత్రం అనుకోకండి; తెలియని చోట చలికాలపు బొరియ దొరక్క అది చనిపోయే ప్రమాదం ఉంది, పట్టబోయిన మనిషికి కాటు ప్రమాదమూ ఉంది. ఒకవేళ కాటు పడితే కట్టు బిగించడం, గాయం కోయడం, నోటితో పీల్చడం వంటివేవీ చేయక, అత్యవసర సేవల నంబరు 911కు ఫోన్ చేసి, కాటు పడిన అవయవాన్ని కదపకుండా ఉంచండి.