పది సినిమాల వరుస రాసే ముందు

దేవరకొండ

బిడ్డా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన లిస్టు మూడుసార్లు చదివాను. ఫోన్లో చెబుదామంటే మధ్యలో నీకు ఆఫీసు కాల్ వస్తుంది, నాకు మాట తెగిపోతుంది. అందుకే కాగితం పట్టుకున్నాను. 2000 నుంచి 2010 దాకా వచ్చిన సినిమాల్లో నీకు ఇష్టమైన పదింటిని వరుసగా పెట్టాలనుకుంటున్నావు. "ఎట్లా పెట్టాలె పెద్దనాయనా?" అని అడిగావు. ఇరవై ఎనిమిదేళ్ళు క్యాబిన్‌లో ప్రొజెక్టర్ పక్కన నిలబడ్డాను. ఒక్కో సినిమాను రోజుకు నాలుగు ఆటలు, వారాల తరబడి చూశాను. చూడగా చూడగా తెలిసింది చెబుతాను.

ముందు నీ మొదటి పేరు గురించి మాట్లాడాలి. ముల్‌హోలాండ్ డ్రైవ్ పెట్టావు. 2016లో బీబీసీ వాళ్ళు 36 దేశాల నుంచి 177 మంది విమర్శకులను అడిగితే ఈ శతాబ్దంలో అదే మొదట నిలిచిందని నాకు చెప్పింది నువ్వే. గొప్ప సినిమానే కావచ్చు. కానీ పోయిన సంక్రాంతికి మన ఇంట్లో లాప్‌టాప్‌లో అది పెట్టుకుని గంట కాకముందే నిద్రపోయావు. తెల్లారి మిగతాది చూస్తావేమో అనుకున్నాను, చూడలేదు. ఆ పోల్‌లో రెండోది ఇన్ ది మూడ్ ఫర్ లవ్. నీ లిస్టులోనూ రెండోది అదే. అక్కడ నాలుగోది స్పిరిటెడ్ అవే. ఈ మూడింట్లో నీది అని నేను ఒప్పుకునేది ఆ ఒక్కటే. ఎందుకంటే దాని గురించి నువ్వు మీ అమ్మకు చెబుతుంటే నేను విన్నాను. నీళ్ళ మీద రైలు పోతుంటే ఆ చిన్నపిల్ల, పక్కన మాట పలుకు లేని ఆ నల్లటి ఆకారం, ఇద్దరూ ఊరికే కూర్చుని ఉంటారని చెప్పావు. చెబుతూ చెబుతూ నీ గొంతు తగ్గిపోయింది.

కాబట్టి నేను చెప్పే మొదటి పని ఇది. ప్రతి పేరు పక్కన ఒక సీను రాయి. కథ వద్దు, డైరెక్టర్ గొప్పతనం వద్దు, అవార్డులు వద్దు. కళ్ళు మూసుకుంటే నీకు కనిపించే ఒక్క సీను. లాప్‌టాప్ తెరిచి వెతక్కుండా రాయాలి. సీను రాకపోతే ఆ పేరు ఎంత పెద్దదైనా పక్కన పెట్టు. ఎవరో మెచ్చుకున్నారని పెట్టిన పేర్లు అక్కడే రాలిపోతాయి.

రెండో సంగతి రాయడానికి నాకు కొంచెం కష్టంగానే ఉంది, అయినా రాస్తాను. నీ లిస్టులో ఒక్కడు సినిమా లేదు.

2003 సంక్రాంతికి అది రిలీజైనప్పుడు నీకు ఆరేళ్ళు. మన టాకీసుకు రీళ్ళ బాక్సు వచ్చాక మీ నాన్న నిన్ను క్యాబిన్‌లో నా దగ్గర వదిలి మార్కెట్‌కు పోయేవాడు. స్టూలు మీద నిలబడి, గోడకున్న చిన్న అద్దం కిటికీలోంచి చూసేదానివి. పన్నెండు ఆటలు చూశావు, నేను లెక్కపెట్టాను. కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర మహేశ్ బాబు, ప్రకాశ్ రాజ్ ఎదురుపడే సీను వస్తుందంటే ముందే నా చొక్కా పట్టుకునేదానివి. హీరో ఆ హీరోయిన్ పిల్లను కర్నూలు నుంచి హైదరాబాద్ తీసుకుపోతుంటే, "ఈ తోవ మన జడ్చర్ల మీది నుంచే పోతది కదా" అని కింద నేల టికెట్ల నుంచి ఎవరో గట్టిగా అన్నారు. హాలంతా ఈలలు. అప్పటి ఏడో నంబరు హైవే మన పాలమూరు మీదుగానే కదా పోయేది. గుణశేఖర్ వేయించిన ఆ చార్మినార్ సెట్టును నువ్వు చాలా రోజులు నిజం చార్మినారే అనుకున్నావు.

ఇన్ని గుర్తున్న సినిమా నీ పదింట్లో ఎందుకు లేదో నాకు తెలుసు. హైదరాబాద్‌లో నీ దోస్తులు ఆ లిస్టు చూస్తారు. పక్కన జపాన్ సినిమా, హాంకాంగ్ సినిమా ఉంటే, మధ్యలో మన కబడ్డీ ఆట సినిమా ఏంటి అంటారని భయం. ఆ భయంతో రాసిన లిస్టు నీ దోస్తులకు పనికొస్తుందేమో, నీకు పనికిరాదు. దాన్ని ఏడో స్థానంలో పెడతావో, మొదట పెడతావో అది నీ ఇష్టం. తీసెయ్యొద్దని మాత్రం గట్టిగా చెబుతున్నాను.

ఇక హద్దుల సంగతి. లెక్క ప్రకారం ఇరవై ఒకటో శతాబ్దం 2001 జనవరి 1న మొదలైంది. అట్లా చూస్తే 2000లో వచ్చిన నువ్వే కావాలి సినిమా బయటికి పోతుంది. నువ్వు 2000 నుంచే మొదలుపెట్టావు కాబట్టి అట్లాగే ఉంచు, ఒక్క సినిమా కోసం హద్దును ముందుకూ వెనక్కూ జరపకు. ఏ సంవత్సరం కింద రాయాలన్నా రిలీజైన సంవత్సరమే రాయి. మన ఊళ్ళకు బాక్సు ఆలస్యంగా వచ్చేది. 2004 అక్టోబర్ 15న శంకర్ దాదా ఎంబీబీఎస్, ఆనంద్ ఒకే రోజు రిలీజయ్యాయి. మా టాకీసుకు చిరంజీవి సినిమా వెంటనే వచ్చింది, ఆనంద్ వచ్చేసరికి తర్వాతి ఏడాది అయింది. అందుకని దాన్ని 2005 సినిమా అనలేం కదా.

ఇప్పుడు చెప్పేది చాలామందికి తట్టదు. నువ్వు చూసింది సినిమా మొత్తమేనా? ఒక్కో రీలు వెయ్యి అడుగులు, ఆడేది పదకొండు నిమిషాలు. మామూలు తెలుగు సినిమా పదిహేను, పదహారు రీళ్ళు. లగాన్ మూడు గంటల నలభై నాలుగు నిమిషాలు, ఇరవై రీళ్ళు దాటింది. అంత పొడుగు సినిమా వేస్తే నాలుగు ఆటలు పట్టవు. నేను పనిచేసిన ఒక టాకీసు యజమాని రెండు పాటలు, ఒక సెంటిమెంట్ సీను తీసెయ్యమనేవాడు. నేనే కత్తిరించి, అతుకు వేసి, తీసిన ముక్కను డబ్బాలో పెట్టేవాణ్ణి. ఆ పని చేసినందుకు ఇప్పటికీ మనసులో బాధ ఉంది. హాల్లో జనం ఆ సినిమాను పూర్తిగా చూశామనుకునే ఇంటికి పోయారు. టీవీలోనూ అంతే, యాడ్ల కోసం ఎన్ని సీన్లు ఎగిరిపోతాయో లెక్క లేదు. చిన్నప్పుడు టీవీలో చూసినవి నీ లిస్టులో ఏవైనా ఉంటే, స్థానం ఇచ్చే ముందు మొదటి నుంచి చివరి దాకా ఒకసారి చూడు.

రెండోసారి చూడని సినిమాకు నేను నంబరు ఇవ్వను. మొదటిసారి కథ మనల్ని లాక్కుపోతుంది. తర్వాత ఏం జరుగుతుందో తెలిశాక కూడా కూర్చోబెడుతుందా అన్నది రెండోసారే తెలుస్తుంది. క్యాబిన్‌లో నాకు ఇది బాగా తెలిసొచ్చింది. కొన్ని సినిమాలు మూడో రోజుకే అయిపోయేవి. రీలు మార్చమని చెప్పే చుక్క తెర మూలన ఎప్పుడొస్తుందా అని చూడడం తప్ప నాకు అందులో ఏమీ మిగిలేది కాదు. నువ్వు నాకు నచ్చావ్ సినిమా అట్లా కాదు. జనం నవ్వుల్లో కొన్ని మాటలు వినపడేవి కావు, వారం దాటాక ఆ మాటలు పట్టుకోవడానికే నేను చెవి పెట్టి వినేవాణ్ణి. ఐతే అనే సినిమా కూడా అంతే. ఆ నలుగురు కుర్రవాళ్ళ ప్లాన్ ఏంటో తెలిసిపోయాక, చంద్రశేఖర్ యేలేటి దాన్ని ఎట్లా దాచిపెట్టాడో చూడడం బాగుండేది. ఆ సంవత్సరం తెలుగులో జాతీయ అవార్డు దానికే వచ్చింది. మా టాకీసులో మాత్రం వారం కూడా ఆడలేదు. కలెక్షన్లను నీ లిస్టు దగ్గరికి రానీయకు. ఆ లెక్క యజమానిది, డిస్ట్రిబ్యూటర్‌ది.

ఒక్కసారే చూసి ఎప్పటికీ మర్చిపోలేనివి ఉంటాయి. వాటికి వేరే పేజీ పెట్టుకో, నంబర్లు లేకుండా. నా పేజీలో కమ్లి ఉంది. కె.ఎన్.టి. శాస్త్రి 2006లో తీశారు, నందితా దాస్ లంబాడా స్త్రీగా చేసింది. హైదరాబాద్‌లో ఒక ప్రదర్శనలో చూశాను. మన చుట్టూ ఇన్ని తండాలున్నాయి, ఆ ఆడవాళ్ళు మన టాకీసుకు వచ్చి నేల మీద కూర్చుని ఇంకెవరి కథలో చూసి పోయేవారు. వాళ్ళ కథ మాత్రం నా ప్రొజెక్టర్ మీద ఒక్కరోజు కూడా తిరగలేదు. దాన్ని ఏ నంబరు కింద పెట్టాలో నాకు తెలియలేదు, అందుకే పెట్టలేదు.

వరుస పెట్టే పద్ధతి అడిగావు కదా. పేర్లను చీటీల మీద రాసి మంచం మీద పరువు. ఒకేసారి పదింటినీ పోల్చాలని చూస్తే టెన్షన్ తప్ప ఏమీ రాదు. రెండేసి చీటీలు చేతిలోకి తీసుకో. ఈ రాత్రి కరెంటు రెండున్నర గంటలే ఉంటుంది, రెండింట్లో ఒకటే వెయ్యగలవు, ఏది వేస్తావు? ఆలోచించకుండా చెయ్యి ఎటు పోతే అది పైన. ఇట్లా తేల్చుకుంటూ పోతే మొదటి మూడు, చివరి రెండు తొందరగానే కుదురుతాయి. నడుమ ఉన్నవి ఎప్పటికీ అటూ ఇటూ కదులుతూనే ఉంటాయి, వాటి కోసం నిద్ర పాడుచేసుకోకు. వారం రోజులు ఆ చీటీలు డబ్బాలో వేసి, మళ్ళీ తీసి పేర్చు. రెండుసార్లూ ఒకే చోట పడ్డవి నమ్మదగినవి.

కింద తేదీ తప్పకుండా వెయ్యి. ఇంగ్లండ్‌లో సైట్ అండ్ సౌండ్ అనే పత్రిక 1952 నుంచి పదేళ్ళకోసారి ఇట్లాగే విమర్శకులను అడుగుతోంది. 1962 నుంచి 2002 దాకా సిటిజన్ కేన్‌దే మొదటి స్థానం. 2012లో వెర్టిగో వచ్చింది, 2022లో జాన్ డీల్‌మాన్ వచ్చింది. సినిమాలు అవే, చూసేవాళ్ళు మారారు. నువ్వూ మారతావు.

నా మొదటిది ఏంటని అడిగావు, అది చెప్పి ముగిస్తాను. స్వదేశ్. 2004 డిసెంబర్‌లో వచ్చింది. లగాన్ తీసిన అశుతోష్ గోవారికరే తీశాడు. మా టాకీసుకు రానే లేదు, ముందు నల్లగొండలో చూశాను, తర్వాత సీడీ కొనుక్కుని ఎన్నిసార్లు చూశానో. నాసాలో పనిచేసే షారుఖ్ ఖాన్ వెంట ఎప్పుడూ మినరల్ వాటర్ బాటిల్ ఉంటుంది. బాకీ వసూలుకని ఒక ఊరికి పోయి, ఆ రైతు ఇంటి పరిస్థితి చూసి, ఏమీ అడగలేక తిరిగి వస్తుంటాడు. స్టేషన్‌లో రైలు ఆగుతుంది. ఒక పిల్లవాడు కిటికీల వెంట తిరుగుతూ మట్టి ముంతలో నీళ్ళు అమ్ముతుంటాడు, ముంత పావలా. ఆయన ఆ నీళ్ళు కొనుక్కుని తాగుతాడు. అంతే సీను.

నువ్వు పుట్టకముందు మర్రిగూడ దిక్కు మా మేనత్త ఊరికి పోయేవాణ్ణి. ఆ ఊళ్ళో బోరు నీళ్ళు తాగీ తాగీ ఆమె నడుము వంగిపోయింది, మోకాళ్ళు ముడుచుకుపోయాయి. ఫ్లోరైడ్ అని అందరికీ తెలుసు, తాగడానికి వేరే నీళ్ళు లేవు. నేను పోతే ముందు చెంబుతో నీళ్ళిచ్చేది. బయట కొనుక్కుని తాగి వచ్చి, దూప లేదత్తా అని అబద్ధం చెప్పేవాణ్ణి. ఆ చెంబు ఆమె చేతిలోనే ఉండిపోయేది. నల్లగొండ హాల్లో ఆ ముంత చూసినప్పుడు నాకు ఆ చెంబు కనిపించింది. సినిమా సరిగా ఆడలేదని, చాలా నెమ్మదిగా ఉందని అందరూ అన్నారు. ఇంకో పదేళ్ళ తర్వాత అడిగినా నేను ఆ పేరే చెబుతాను.

రెండోది అమృత, మూడోది ఒక్కడు. నాలుగోది ఆనంద్, పెళ్ళి చీర దగ్గరే ఆ పిల్ల రూప పెళ్ళి వద్దనుకున్న తీరు కోసం. ఐదోది నువ్వు నాకు నచ్చావ్, ఆరోది లగాన్, ఏడోది ఐతే. మిగతా మూడూ ఇంకా డబ్బాలోనే ఉన్నాయి.

దసరాకు వస్తున్నావు కదా. ఇన్ ది మూడ్ ఫర్ లవ్ పట్టుకురా, ఈసారి ఇద్దరం కలిసి పూర్తిగా చూద్దాం, అది నీదో కాదో అప్పుడు తేల్చు. మర్నాడు ఒక్కడు వేద్దాం. మీ అమ్మకు సకినాలకు పిండి పట్టించమని చెప్పాను, మీ పెద్దమ్మ కూడా ఒక చెయ్యి వేస్తానంది. వచ్చేటప్పుడు చీటీలు మర్చిపోకు.

మీ పెద్దనాయన