ఓమ్‌కూ ఓంకారానికీ చుట్టరికం ఉందా?

సందేహం: మా అబ్బాయి పదో తరగతి. భౌతికశాస్త్రంలో ‘ఓమ్ నియమం’ చదువుతున్నాడు. ఆ మాట మన ఓంకారం నుంచే జర్మనీకి వెళ్లిందని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. నిజమేనా? ఓం, ఓమ్, ఓహ్మ్ – వీటిలో ఏది రాయాలి?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

సమాధానం: నిజం కాదమ్మా. ఈ ఓమ్ ఒక మనిషి ఇంటిపేరు. గేయార్గ్ సీమోన్ ఓమ్ 1789లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పుట్టాడు. తండ్రి తాళాలు చేసే పనివాడు. కొడుకు బడిపంతులుగా ఉంటూనే తీగల మీద ప్రయోగాలు చేసి, 1827లో తన నియమాన్ని పుస్తకంగా అచ్చువేయించాడు. సొంత దేశంలో మొదట పెద్దగా ఆదరణ దొరకలేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కాప్లీ పతకం ఇచ్చింది. ఆయన పోయిన చాలా ఏళ్లకు, 1881లో పారిస్‌లో జరిగిన విద్యుత్ మహాసభ వోల్టు, ఆంపియర్‌లతో పాటు ఓమ్‌ను కూడా ప్రమాణంగా ఖాయం చేసింది. ఒక వోల్టు పెడితే ఒక ఆంపియర్ కరెంటు పారనిచ్చే నిరోధమే ఒక ఓమ్.

మరి ఆ ఇంటిపేరుకు అర్థం? నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇది. పాత జర్మన్‌లో ‘ఓహైమ్’ అంటే అమ్మ తోడబుట్టినవాడు, అచ్చంగా మన మేనమామ. అదే నోట్లో నలిగి ‘ఓమ్’ అయింది. చుట్టరికపు మాటలు ఇంటిపేర్లుగా నిలిచిపోవడం ఆ దేశంలో మామూలే. ద్రాక్షసారా కొలిచే పాత మానం ఒకదాన్నీ అక్కడ ఓమ్ అనేవారు. కొలత కదా అని మన ప్రమాణాన్ని దానికి ముడిపెట్టకండి.

మన ఓమ్ దారి వేరు. రక్షించడం అనే అర్థమున్న ‘అవ’ ధాతువు నుంచి వచ్చిందని వ్యాకరణవేత్తలు, అకార ఉకార మకారాల కలయిక అని మాండూక్యోపనిషత్తు చెబుతాయి. వినడానికి ఒకేలా ఉన్నంత మాత్రాన రెండు మాటలు చుట్టాలైపోవు. ప్రణవానికి ఉన్న గౌరవానికి ఇలాంటి కల్పిత వంశావళి అవసరమూ లేదు. ఇక ఓమ్ ప్రమాణానికి వాడే ఒమేగా (Ω) గుర్తంటారా, ఇంగ్లిషు ‘ఓ’ రాస్తే సున్నా అనుకునే ప్రమాదం ఉంది కాబట్టి గ్రీకు అక్షరాన్ని తెచ్చుకున్నారు.

రాతలో ‘ఓమ్’ మేలు. సున్నతో ‘ఓం’ అని రాసినా పలుకు మారదు గానీ, చూడగానే మంత్రం గుర్తొస్తుంది. ‘ఓహ్మ్’ మాత్రం వద్దు. జర్మన్‌లో ఆ హకారాన్ని పలకరు, ముందున్న అచ్చును దీర్ఘం చేయడానికే అది ఉంది. ఆ పని మన ‘ఓ’ ఎలాగూ చేస్తోంది. కోఠీలో రెసిస్టర్లు అమ్మేవాళ్లు ‘టెన్ కే’ అని ఓమ్ మాటే ఎత్తకుండా సరిపెడతారు. పరీక్షలో మాత్రం ‘పది కిలో ఓమ్‌లు’ అని పూర్తిగా రాయమనండి.

పాత పుస్తకాల్లో ‘మో’ అనే ప్రమాణం కూడా మీ అబ్బాయికి కనిపించవచ్చు. తీగ కరెంటును ఎంత తేలిగ్గా పోనిస్తుందో చెప్పడానికి, ఓమ్‌ ఇంగ్లిషు అక్షరాలను తిరగేసి చేసిన పేరది. ఇప్పుడు దాని బదులు ‘సీమెన్స్’ అంటున్నారు. అదీ వెర్నర్ ఫాన్ సీమెన్స్ అనే జర్మన్ ఇంజినీరు ఇంటిపేరే.