ఆవిరి ఇంజిన్ నిజంగా గంటకు 200 కిలోమీటర్లు దాటిందా?

దాటింది. జర్మనీలో బోర్సిగ్ కంపెనీ కట్టిన 05 తరగతి ఇంజిన్ ఆ పని చేసింది. ఈ తరగతిలో తయారైనవి మూడే మూడు. రెండోదైన 05 002 నంబరు ఇంజిన్ 1936 మే 11న హాంబర్గ్-బెర్లిన్ లైన్‌లో 200.4 కిలోమీటర్ల వేగం అందుకుంది.

కిటుకంతా చక్రాల్లో ఉంది. నడిపే చక్రం వ్యాసం 2.3 మీటర్లు, అంటే పొడుగాటి మనిషి పక్కన నిలబడ్డా దాని పైఅంచు తలకు పైనే ఉంటుంది. ఒక్క చుట్టు తిరిగితే బండి 7 మీటర్ల పైచిలుకు ముందుకెళ్తుంది. చక్రం చిన్నదైతే అదే వేగానికి పిస్టన్లు ఇంకా వేగంగా కొట్టుకోవాలి. ఈ చక్రంతోనే సెకనుకు 7 చుట్లకు పైగా తిరగాలి మరి! గాలిని చీల్చుకుపోయేలా ఒళ్లంతా ఎర్రటి రేకు తొడుగు వేశారు.

1938లో ఇంగ్లండ్ ఇంజిన్ మల్లార్డ్ దాదాపు 203తో రికార్డు లాక్కుంది. కాకపోతే అది పల్లంలో పరిగెత్తింది. నా ఓటు 05కే.

మూడో ఇంజిన్‌కు డ్రైవర్ క్యాబిన్ ముందు పెట్టి, బొగ్గు పొడితో నడపాలని చూశారు, కుదరలేదు. మొదటిది ఇప్పుడు నూరెంబర్గ్ రైల్వే మ్యూజియంలో ఉంది.