యువజన కార్యక్రమాల్లో జీవన నైపుణ్యాలు ఎలా నేర్పితే నిలుస్తాయి?

ఉపన్యాసాలతో నిలవవు, పని అప్పజెప్పాలి. స్కౌట్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన బేడెన్ పావెల్ 1907లో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో పెట్టిన స్కౌట్ శిబిరంలోనే పిల్లల్ని చిన్న జట్లుగా చేసి, ప్రతి జట్టుకూ వాళ్లలో ఒకణ్నే నాయకుడిగా పెట్టారు. ఆ పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది.

ఉదాహరణకు డబ్బు లెక్కలు. ఏదైనా కార్యక్రమానికయ్యే ఖర్చు నిజంగానే వాళ్ల చేతికివ్వండి. ఏం కొనాలో వాళ్లే రాసుకుని, రెండు మూడు చోట్ల ధర అడిగి, రసీదులు దాచి, చివర్లో అందరి ముందూ లెక్క చెప్పాలి. తేడా వస్తే పెద్దవాళ్లు సర్దేయకండి, ఎక్కడ తప్పిందో వాళ్లనే వెతకనివ్వండి. నా దృష్టిలో అసలు పాఠం అక్కడే ఉంది.

ప్రథమ చికిత్సైనా అంతే: చూపించండి, చేయించండి, తర్వాత పక్కవాళ్లకు నేర్పమనండి. వంట ఆడపిల్లలకు, మరమ్మతులు మగపిల్లలకు అని మాత్రం దయచేసి పంచకండి.