ప్లే ఆపినా గీతలు ఊగుతున్నాయి, ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారి హరికథల క్యాసెట్లు ఒక షాపులో ఇచ్చి ఎంపీత్రీలు చేయించుకున్నాను. 320 కేబీపీఎస్ (ఎంపీత్రీలో మంచి నాణ్యత) అన్నారు. వింటుంటే వెనక బుయ్‌మని ఒకటే హోరు. అది ఎక్కడిదో చూద్దామని కంప్యూటర్‌లో స్పెక్ట్రమ్ ఎనలైజర్ (శబ్దంలో ఏ స్థాయి స్వరం ఎంత ఉందో గీతల్లో చూపేది) పెడితే, ప్లే ఆపేసినా గీతలు ఊగుతూనే ఉన్నాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆ ఎనలైజర్ హరికథ వినడం లేదమ్మా, మైకులోంచి మీ గదిలో ఫ్యాను చప్పుడు వింటోంది. చాలామందికి ఇక్కడే తేడా వస్తుంది. విండోస్ అయితే ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో హోస్ట్ దగ్గర వసాపి (WASAPI) పెట్టి, రికార్డింగ్ డివైస్‌గా మీ స్పీకర్ పేరు పక్కన లూప్‌బ్యాక్ అని ఉన్నదాన్ని ఎంచుకోండి. అప్పుడు కంప్యూటర్ వాయించేది మాత్రమే రికార్డవుతుంది.

నాన్నగారు మాట ఆపి ఊపిరి తీసుకునే చోటు, వాద్యాలు కూడా లేనిది, రెండు మూడు సెకన్లు దొరికినా చాలు, దాన్ని సెలెక్ట్ చేసి అనలైజ్ మెనూలో ప్లాట్ స్పెక్ట్రమ్ నొక్కండి. సైజు 16384 పెడితే, 44,100 హెర్ట్జ్ ఫైలులో దాదాపు 2.7 హెర్ట్జ్‌కి ఒక కొలత వస్తుంది. 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర గీతలు సూదుల్లా లేచాయా? అది మన 50 హెర్ట్జ్ కరెంటు హోరే, క్యాసెట్‌లోనే ఉండి ఉండాలి, లేదా ఎక్కించేటప్పుడు చేరి ఉండాలి. అక్కడేమీ లేకుండా చెవికి మాత్రం హోరు వినిపిస్తుంటే ఫైలుని అనుమానించకండి, మీ స్పీకర్ వైరో అడాప్టరో చూడండి, ఎందుకంటే లూప్‌బ్యాక్‌కి కంప్యూటర్ దాటాక చేరే హోరు కనపడదు.

హోరు ఫైలులోనే ఉంటే నాచ్ ఫిల్టర్‌తో (ఒక్క హెర్ట్జ్ చుట్టుపక్కల శబ్దాన్ని మాత్రమే కోసేది) తగ్గించవచ్చు గానీ దయచేసి సన్నగా వాడండి, మగవాళ్ల గొంతు మూలస్వరం 100 నుంచి 150 హెర్ట్జ్ ప్రాంతంలోనే ఉంటుంది, వెడల్పుగా కోస్తే హోరుతోపాటు నాన్నగారి గొంతులో నిండుదనం కూడా పోతుంది.

ఇక 320 సంగతి. 16,000 హెర్ట్జ్ పైన ఏమీ లేదని కంగారు పడొద్దు, పాత క్యాసెట్‌లో అక్కడ పెద్దగా ఉండదు. కానీ టేపు బుస మెల్లగా తగ్గకుండా అక్కడ గోడ కట్టినట్టు ఒక్కసారి ఆగిపోతే, ముందు తక్కువ నాణ్యత 128 కేబీపీఎస్‌లో చేసి తర్వాత 320గా మార్చారని నా గట్టి అనుమానం. అలాగే కనిపిస్తే షాపువాళ్లని ఈసారి వేవ్ (కుదించని) ఫైళ్లు అడగండి, గంట క్యాసెట్‌కి 600 ఎంబీ పైన వస్తుంది, ఒక పెన్‌డ్రైవ్ తీసుకెళ్లండి. అంతవరకూ అసలు క్యాసెట్లు ఎవరికీ ఇవ్వకండి.